నార్తర్న్ లైట్స్ ఫోటోలు: విశాఖ నుంచి బయల్దేరేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఉత్తర ధ్రువ ప్రాంతాల రాత్రి ఆకాశంలో కనిపించే రంగుల వెలుగులే నార్తర్న్ లైట్స్, వీటికే ఆరోరా అని పేరు. వీటిని చూడ్డానికి నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, ఐస్‌లాండ్ వైపు వెళ్లే విశాఖవాసులు కెమెరా గురించి అడిగే సందేహాలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. ఖర్చేమో లక్షల్లో ఉంటుంది. వారం రోజులు అక్కడ ఉన్నా మబ్బు లేని రాత్రులు రెండో మూడో దొరుకుతాయి. వాటిలో మంచి వెలుగు నిలిచేది ఒక్కోసారి పది నిమిషాలే. ఆ పది నిమిషాల్లో కెమెరా మెనూలు వెతుక్కోకూడదు. కాబట్టి కెమెరా పని ఇక్కడే నేర్చుకుని వెళ్లండి, అక్కడ ఆకాశాన్ని మాత్రమే చూడండి.

విశాఖలో గానీ, మన దేశంలో ఇంకెక్కడైనా గానీ ఆరోరా కనిపిస్తుందా?

విశాఖలో కనిపించదు. మనం 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాం. ఆరోరా వచ్చేది భూమి అయస్కాంత ధ్రువం చుట్టూ ఉండే వలయంలో. ఆ వలయం సాధారణంగా ఉత్తర నార్వే, ఐస్‌లాండ్, అలాస్కా, ఉత్తర కెనడాల మీదుగా పోతుంది. సూర్యుడి నుంచి పెద్ద తుఫాను వచ్చినప్పుడు అది దక్షిణానికి వ్యాపిస్తుంది. 2024 మే 10-11 రాత్రి అలాగే జరిగి, లడఖ్‌లోని హాన్లే నుంచి తీసిన ఫోటోల్లో దిగంతం దగ్గర ఎర్రటి కాంతి పడింది. 1872 ఫిబ్రవరి 4 నాటి తుఫానప్పుడు బొంబాయిలో కూడా కనిపించినట్టు నమోదైంది. అలాంటివి చాలా అరుదు. తెల్లవారుజామున ఋషికొండ దగ్గర సముద్రం మీద కనిపించే గులాబీ రంగుకు, దీనికి సంబంధం లేదు.

ఏ నెలలో వెళ్లాలి? ఏ ఊరు మంచిది?

ఆగస్టు చివరి నుంచి ఏప్రిల్ మొదటి వారం వరకు. వేసవిలో ఆరోరా ఉన్నా అక్కడ చీకటి పడదు. ఉత్తర నార్వేలోని ట్రోమ్సోలో దాదాపు మే 20 నుంచి జులై 22 వరకు సూర్యుడు అస్తమించడు.

మొదటిసారి వెళ్లేవారికి మేం సెప్టెంబరు చివరి వారం గానీ, మార్చి గానీ సూచిస్తాం. విషువత్తుల దగ్గర, అంటే రాత్రీ పగలూ సమానమయ్యే రోజుల్లో, సౌర గాలి (సూర్యుడి నుంచి వచ్చే విద్యుదావేశ కణాల ప్రవాహం) భూమి అయస్కాంత క్షేత్రంతో తేలిగ్గా కలుస్తుంది కాబట్టి ఆరోరా చురుగ్గా ఉంటుంది. సెప్టెంబరులో సరస్సులు ఇంకా గడ్డకట్టవు, నీళ్లలో ప్రతిబింబం దొరుకుతుంది. మార్చిలో నేలంతా మంచు పరుచుకుని ఆకుపచ్చ వెలుగును తిరిగి పైకి కొడుతుంది. డిసెంబరు, జనవరిల్లో రాత్రి చాలా పొడుగు, కానీ చలీ మబ్బులూ ఎక్కువ.

ఊరు ఎంచుకునేటప్పుడు మబ్బుల సంగతి ముందు చూడండి. ట్రోమ్సో (69.6 డిగ్రీలు) వలయానికి సరిగ్గా కింద ఉంది, కానీ సముద్రతీరం కాబట్టి మబ్బులు తరచూ వస్తాయి. అక్కడి గైడ్లు అందుకే రాత్రికి వంద, రెండొందల కిలోమీటర్లు లోపలికి, స్కిబోటన్ దాటి ఫిన్లాండ్ సరిహద్దు వైపు తీసుకెళ్తుంటారు. స్వీడన్‌లోని అబిస్కో కొండల చాటున ఉంటుంది. పడమటి నుంచి వచ్చే తేమను ఆ కొండలే ఆపేస్తాయి, టోర్నెట్రాస్క్ సరస్సు మీద ఆకాశం తెరిపిగా ఉండే అవకాశం ఎక్కువ. ఏ ఊరైనా కనీసం నాలుగు రాత్రులు పెట్టుకోండి. ఒక్క రాత్రి కోసం వెళ్లడం జూదమే.

ఫోటోల్లో అన్ని రంగులుంటాయి కదా, కంటికి తెల్లగా కనిపిస్తుందంటారు. ఏది నిజం?

రెండూ నిజమే. మసక వెలుగులో మన కళ్లకు రంగు తెలియదు. బలహీనమైన ఆరోరా పలచని తెల్ల మబ్బులా అనిపిస్తుంది. కెమెరా ఎనిమిది సెకన్ల వెలుగును పోగుచేసుకుంటుంది కాబట్టి అదే మబ్బు ఆకుపచ్చగా పడుతుంది. ఆరోరా బలపడితే మాత్రం ఆకుపచ్చ, కింది అంచున గులాబీ కంటికీ స్పష్టంగా తెలుస్తాయి.

రంగుల లెక్క తెలిస్తే ఫోటో తీయడం సులువవుతుంది. సుమారు 100 నుంచి 150 కిలోమీటర్ల ఎత్తులో ఆక్సిజన్ పరమాణువులు ఇచ్చేది ఆకుపచ్చ, 557.7 నానోమీటర్ల దగ్గర. 200 కిలోమీటర్లకు పైన అదే ఆక్సిజన్ ఎరుపు ఇస్తుంది, 630 నానోమీటర్లు. ఆకుపచ్చ వెలుగు పరమాణువు ఉత్తేజితమైన సెకనులోపే బయటపడుతుంది. ఎరుపుకు దాదాపు రెండు నిమిషాలు పడుతుంది. ఈలోగా మరో అణువు తగిలితే ఆ శక్తి పోతుంది కాబట్టి, గాలి బాగా పలచబడ్డ ఎత్తులోనే ఎరుపు బతుకుతుంది. అందుకే ఎరుపు పైన, నింపాదిగా కదులుతుంది. ఆకుపచ్చ కింద గబగబా మారిపోతుంది. 100 కిలోమీటర్ల కంటే కిందికి దూసుకొచ్చిన ఎలక్ట్రాన్లు నైట్రోజన్‌ను తాకితే అంచున గులాబీ గీత వస్తుంది. ఊదా, నీలం కూడా నైట్రోజన్‌వే.

నా దగ్గర కిట్ లెన్స్ (కెమెరాతో పాటే వచ్చేది) ఉన్న మామూలు కెమెరా ఉంది. సరిపోతుందా?

షట్టర్ (వెలుగు ఎంతసేపు లోపలికి రావాలో), ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా ఎంతగా స్పందించాలో), ఫోకస్ మూడూ చేత్తో మార్చుకోగలిగితే సరిపోతుంది. 18-55 కిట్ లెన్స్‌ను 18 ఎంఎం దగ్గర ఎఫ్ 3.5లో పెట్టి (ఎఫ్ నంబరు తగ్గేకొద్దీ లోపలికి వచ్చే వెలుగు పెరుగుతుంది), ఐఎస్ఓ 3200, పది సెకన్లతో చక్కటి ఫోటోలు వస్తాయి. డబ్బు పెట్టగలిగితే బాడీ మార్చకుండా లెన్స్ కొనండి, లేదా అద్దెకు తీసుకోండి. ఫుల్ ఫ్రేమ్‌కు (పెద్ద సెన్సర్ ఉన్న కెమెరాకు) 14 ఎంఎం ఎఫ్ 2.8, 20 ఎంఎం ఎఫ్ 1.8, 24 ఎంఎం ఎఫ్ 1.4 లాంటివి. ఎఫ్ 2.8తో పోలిస్తే ఎఫ్ 1.4లో నాలుగు రెట్ల వెలుగు లోపలికి వస్తుంది, అంటే ఎనిమిది సెకన్ల పని రెండు సెకన్లలో అయిపోతుంది. ఇంతటి తేడా ఖరీదైన బాడీ వల్ల రాదు.

ట్రైపాడ్ తప్పనిసరి. గాలికి ఊగే తేలికరకం వద్దు. మధ్య రాడ్ పైకి లేపకండి. మంచులో కాళ్లను గట్టి నేల తగిలేదాకా గుచ్చండి. అల్యూమినియం ట్రైపాడైతే ఏసీ మెకానిక్కులు రాగి పైపులకు తొడిగే నల్ల ఫోమ్ గొట్టం కొని కాళ్ల పైభాగానికి చుట్టుకోండి. ఆ చలిలో ఒట్టి లోహాన్ని పట్టుకుంటే చేతులు కొంకర్లు పోతాయి.

సెట్టింగ్స్ ఏం పెట్టాలి?

మొదటి ఫోటోకు: మాన్యువల్ మోడ్, ఎఫ్ 2.8 (లేదా మీ లెన్స్‌కు ఉన్న అతి తక్కువ నంబరు), ఐఎస్ఓ 1600, ఎనిమిది సెకన్లు, వైట్ బ్యాలెన్స్ (రంగుల ఛాయను సరిచేసేది) 3800 కెల్విన్, రా ఫార్మాట్ (కెమెరా మార్పులేవీ చేయకుండా దాచే ఫైలు), రెండు సెకన్ల టైమర్. లెన్స్‌లోని స్టెబిలైజేషన్ ఆపేయండి. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ (ఫోటోలోని గరుకు చుక్కలను తగ్గించేది) కూడా ఆపేయండి, లేకపోతే ఎనిమిది సెకన్ల ఫోటో తర్వాత ఇంకో ఎనిమిది సెకన్లు కెమెరా మీ మాట వినదు.

ఇక్కడి నుంచి ఆకాశాన్ని బట్టి మార్చుకోవాలి. చాలామంది ఈ అంకెలనే రాత్రంతా పట్టుకు వేలాడతారు, ఫోటోలు పాడయ్యేది అక్కడే. ఆరోరా ఎంత వేగంగా కదులుతోందన్నదే షట్టర్‌ను నిర్ణయించాలి. ఉత్తరాన కదలకుండా పడుకున్న మసక విల్లు అయితే పది నుంచి పదిహేను సెకన్లు, ఐఎస్ఓ 3200. తెరల మడతలు మెల్లగా పాకుతుంటే నాలుగు నుంచి ఆరు సెకన్లు. నెత్తి మీదికి వచ్చి ఒక్కసారిగా విచ్చుకుని చిందులేస్తుంటే ఒకటి, రెండు సెకన్లు. అప్పుడు వెలుగు కూడా ఎన్నో రెట్లు పెరుగుతుంది కాబట్టి ఐఎస్ఓ 1600తోనే సరిపోవచ్చు, చాలకపోతే 3200కు పెంచండి.

కారణం ఇది: తెరలోని నిలువు చారలు సెకను సెకనుకూ పక్కకు జరుగుతుంటాయి. పది సెకన్లు తెరిచి ఉంచితే ఆ చారలన్నీ ఒకదాని మీద ఒకటి పడి, ఆకుపచ్చ పొగ మాత్రమే మిగులుతుంది. కింది అంచున గులాబీ అయితే మరీ తొందరగా పోతుంది. దాని మీదికి ఆకుపచ్చ వచ్చి చేరితే ఫోటోలో తెల్లబడిపోతుంది. నాయిస్ కాస్త పెరిగినా ఫరవాలేదు, తర్వాత తగ్గించుకోవచ్చు. చెదిరిపోయిన చారలను మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు.

చిమ్మచీకటిలో కెమెరా స్క్రీన్ మోసం చేస్తుంది, చీకటి ఫోటో కూడా ధగధగలాడుతుంది. స్క్రీన్ వెలుగు తగ్గించి, మూడు రంగుల హిస్టోగ్రామ్ (ఏ రంగు వెలుగు ఎంత పడిందో చూపే గ్రాఫ్) చూడండి. ముందుగా కుడి గోడకు కొట్టుకునేది ఆకుపచ్చే. అది తగిలితే షట్టర్ తగ్గించండి.

ఫోకస్ ఎలా? నక్షత్రాలన్నీ మసగ్గా వస్తున్నాయి.

ఆటో ఫోకస్ చీకట్లో పనిచేయదు. లెన్స్ మీది అనంతం గుర్తును కూడా నమ్మకండి, చాలా లెన్సులు ఆ గుర్తు దాటి ఇంకొంచెం తిరుగుతాయి.

మాన్యువల్ ఫోకస్‌లో పెట్టి, లైవ్ వ్యూ తెరిచి, గురుగ్రహాన్నో బాగా మెరిసే నక్షత్రాన్నో ఫ్రేమ్ మధ్యలోకి తెచ్చుకోండి. పది రెట్లు జూమ్ చేయండి (స్క్రీన్ మీద మాత్రమే, లెన్స్‌తో కాదు). మొదట రూపాయి బిళ్లంత మసక చుక్క కనిపిస్తుంది. రింగును వెంట్రుకవాసి తిప్పుతుంటే అది చిన్నదవుతూ, చుట్టూ ఊదా రంగు అంచు వస్తుంది. ఇంకొంచెం తిప్పితే ఆ అంచు పోయి చుక్క సూదిమొనంత అవుతుంది, అంతకుముందు కనిపించని చిన్న నక్షత్రాలు పక్కన పుట్టుకొస్తాయి. అదే సరైన చోటు. కొంచెం దాటించి, మళ్లీ వెనక్కి తెచ్చి ఖాయం చేసుకోండి. అప్పుడు రింగు మీద గాఫర్ టేపు (గుడ్డతో చేసిన టేపు) అంటించండి. కరెంటు పనికి వాడే ఇన్సులేషన్ టేపు చలికి బిగుసుకుని ఊడిపోతుంది.

లెన్స్ చల్లబడేకొద్దీ ఫోకస్ కొద్దిగా జరుగుతుంది. హోటల్ గదిలో పెట్టిన ఫోకస్ బయట నిలవదు. బయటికి వచ్చిన అరగంటకు ఒకసారి, ఆ తర్వాత గంటకోసారి జూమ్ చేసి చూసుకోండి.

లెన్స్‌కు యూవీ ఫిల్టర్ ఉంచవచ్చా?

వద్దు, తీసేయండి. ఆరోరా ఆకుపచ్చ దాదాపు ఒకే ఒక్క తరంగదైర్ఘ్యంలో ఉంటుంది. అలాంటి కాంతి ఫిల్టర్ గాజు రెండు తలాల మధ్య పరావర్తనమై, ఫోటో మధ్యలో ఒకదాని లోపల ఒకటిగా వలయాలు ఏర్పరుస్తుంది. చిన్న స్క్రీన్ మీద ఇవి తెలియవు, ఇంటికొచ్చి కంప్యూటర్‌లో తెరిచాకే బయటపడతాయి. అప్పటికి చేసేదేమీ ఉండదు. ఫిల్టర్ ఎంత ఖరీదైనదైనా ఇదే గతి.

ఫోన్‌తో తీయవచ్చా?

తీయవచ్చు. ఫోన్‌ను ట్రైపాడ్‌కు బిగించి, నైట్ మోడ్‌లో మూడు నుంచి పది సెకన్లు పెట్టి, టైమర్ వాడండి. ప్రో మోడ్ ఉంటే ఐఎస్ఓ 1600, ఫోకస్ అనంతం, రా. మెయిన్ కెమెరానే వాడండి, అల్ట్రావైడ్ చిన్న సెన్సర్‌తో బురదలా వస్తుంది. ఫ్లాష్ ఆపడం మరవొద్దు, మీ ఫోటోతో పాటు పక్కవాళ్లదీ పాడవుతుంది.

కేపీ ఇండెక్స్ ఎంత ఉంటే బయటికి వెళ్లాలి?

కేపీ అంటే భూమి అయస్కాంత క్షేత్రం ఎంత అలజడిగా ఉందో చెప్పే, సున్నా నుంచి తొమ్మిది వరకు ఉండే కొలత, మూడు గంటలకొకసారి లెక్కిస్తారు. ట్రోమ్సో, అబిస్కోల్లో కేపీ 1 లేదా 2 ఉన్నా చాలు. అది ప్రపంచం మొత్తానికి సగటు కాబట్టి, కేపీ 2 అని చూసి పడుకున్నవాళ్లు మంచి ప్రదర్శన పోగొట్టుకున్న రాత్రులుంటాయి.

దానికంటే బీజెడ్ అనే అంకె చూడండి. సౌర గాలి మోసుకొచ్చే అయస్కాంత క్షేత్రం ఉత్తరానికి ఉందా, దక్షిణానికి ఉందా అని అది చెబుతుంది. మైనస్‌లో, అంటే దక్షిణానికి, అరగంటకు పైగా నిలిస్తే సిద్ధంగా ఉండండి. మైనస్ 5 నానోటెస్లాలు దాటితే ఇక గదిలో కూర్చోవద్దు. దీన్ని కొలిచే ఉపగ్రహాలు భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంటాయి. సెకనుకు 400 కిలోమీటర్ల వేగంతో వచ్చే సౌర గాలి అక్కడి నుంచి మనల్ని చేరడానికి గంట పడుతుంది. బట్టలు వేసుకుని బయటికి రావడానికి మీకుండే వ్యవధి అంతే.

ఇవన్నీ మబ్బు లేనప్పటి మాట. మబ్బుపడితే కేపీ 9 ఉన్నా ఒరిగేదేమీ లేదు.

అమావాస్యకే వెళ్లాలా?

అక్కర్లేదు. అమావాస్యకు మసక ఆరోరా, ఎరుపు బాగా పడతాయి, కానీ ముందున్న చెట్లూ కొండలూ నల్లటి మచ్చలుగా వస్తాయి. శుద్ధ పంచమి నుంచి అష్టమి వరకు ఉండే చంద్రుడు మంచుకొండలకు తగినంత వెలుగిస్తాడు, మాకు ఎక్కువ నచ్చేవి ఆ రోజులే. పౌర్ణమికి బలమైన ఆరోరా మాత్రమే నిలుస్తుంది.

మన క్యాలెండరులో తిథి చూసుకోవచ్చు కానీ చంద్రోదయ, చంద్రాస్తమయ వేళలు చూడకండి. అంత ఉత్తరాన అవి పూర్తిగా వేరు. డిసెంబరు పౌర్ణమికి ట్రోమ్సోలో చంద్రుడు అసలు అస్తమించకపోవచ్చు. ఆ ఊరి పేరుతో యాప్‌లో చూడండి.

చలికి బ్యాటరీలు అయిపోతాయంటారు. ఎన్ని తీసుకెళ్లాలి?

కెమెరాలో ఒకటి, జేబులో మూడు. జేబు అంటే జాకెట్ బయటి జేబు కాదు, ఒంటికి ఆనుకునే లోపలి జేబు. చలికి బ్యాటరీలో రసాయన చర్య మందగిస్తుంది. అయిపోయిందని చూపించినదాన్ని ఒంటి వేడికి అరగంట ఉంచితే మళ్లీ కొంత పనిచేస్తుంది, పారేసినట్టు పక్కన పెట్టకండి.

విమానంలో విడి బ్యాటరీలు, పవర్ బ్యాంకులు చేతి సంచిలోనే ఉండాలి, చెక్ ఇన్ సామానులో కుదరదు. 100 వాట్ అవర్ల లోపు పవర్ బ్యాంకుకు మామూలుగా అడ్డు చెప్పరు, 3.7 వోల్టుల లెక్కన అది 27,000 ఎంఏహెచ్‌కు సమానం. బ్యాటరీ చివర్లకు టేపు వేసి విడివిడి కవర్లలో పెట్టండి.

లెన్స్ మీద మంచు పట్టడం, ఆవిరి పట్టడం ఎలా ఆపాలి?

ఈ రెండూ వేరు. ఆరుబయట లెన్స్ మీద పట్టేది సన్నటి మంచు పొర. ఎక్కువసార్లు దానికి కారణం మీ ఊపిరే. స్క్రీన్ చూడ్డానికి వంగి, లెన్స్ పక్కన ఊపిరి వదిలితే ముందు గాజు మీద సన్నటి మంచు పొర కడుతుంది. దాన్ని గుడ్డతో రుద్దితే ఇంకా అలుముకుంటుంది. లెన్స్ చుట్టూ కట్టే యూఎస్‌బీ హీటర్ పట్టీని మొదటి నుంచీ తక్కువ వేడిలో ఉంచడం మేలు.

ఆవిరేమో మీరు చలిలోంచి వెచ్చటి గదిలోకి వెళ్లినప్పుడు పడుతుంది. విశాఖలో ఏసీ కారు దిగి బీచ్ రోడ్డు మీద కెమెరా తీస్తే లెన్స్ మసకబారుతుంది కదా, అదే సూత్రం. అక్కడ తేడా నలభై డిగ్రీల పైనే ఉంటుంది కాబట్టి తేమ గాజు లోపలికీ, సర్క్యూట్లలోకీ పోతుంది. కాబట్టి గదిలోకి వెళ్లే ముందే, ఆరుబయటే, మెమరీ కార్డు తీసి జేబులో వేసుకుని, కెమెరాను జిప్ కవర్‌లో పెట్టి గాలి తీసి మూసేయండి. ఆ కవర్‌ను బ్యాగులో పెట్టి, బ్యాగు జిప్పు కూడా వేసి, మూడు నాలుగు గంటలు తెరవకండి. తేమ కవర్ బయట పడుతుంది, కెమెరా మీద కాదు. ఫోటోలు చూసుకోవాలన్న ఆత్రానికి కార్డు ముందే తీసుకున్నారు కదా.

ఏం వేసుకోవాలి?

కాటన్ వద్దు. ఒంటికి ఉన్ని లేదా థర్మల్, దాని మీద ఫ్లీస్, పైన గాలి చొరని జాకెట్. బూట్లు ఒక సైజు పెద్దవి. చేతులకు పలచటి గ్లౌజులు, వాటి మీద మిట్టెన్లు (నాలుగు వేళ్లూ ఒకే అరలో ఉండే గ్లౌజులు). అరకు కోసం కొన్న స్వెట్టరూ మంకీ క్యాపూ మైనస్ 20కి చాలవు. చాలా టూర్లలో థర్మల్ సూటు, బూట్లు వాళ్లే ఇస్తారు, బుక్ చేసేటప్పుడు అడగండి.

వెళ్లే ముందు ఇక్కడ ఎక్కడ సాధన చేయాలి?

ఫోకస్‌కు బీచ్ రోడ్డు చాలు. హార్బరు బయట లంగరేసిన ఓడల దీపాలు కిలోమీటర్ల దూరంలో ఉంటాయి, వాటి మీద జూమ్ చేసి ఫోకస్ పెట్టడం అలవాటు చేసుకోండి. ఉప్పుగాలి లెన్స్ మీద పొరలా పడుతుంది, ఇంటికి రాగానే తుడవండి.

నక్షత్రాలకు నగరం పనికిరాదు. డిసెంబరు, జనవరి అమావాస్య రాత్రుల్లో అరకు, అనంతగిరి, లంబసింగి వైపు వెళ్లండి. పొగమంచు తెల్లవారుజామున కమ్ముకుంటుంది కాబట్టి రాత్రి తొమ్మిది నుంచి పన్నెండు లోపు పని ముగించండి. అక్కడ ధ్రువ నక్షత్రాన్ని గుర్తుపట్టడం నేర్చుకోండి. మనకు అది ఉత్తరాన 18 డిగ్రీల ఎత్తులోనే, కొండ అడ్డొస్తే కనిపించనంత కిందుగా ఉంటుంది. ట్రోమ్సోలో దాదాపు 70 డిగ్రీల ఎత్తులో, నెత్తికి దగ్గరగా ఉంటుంది. దిక్కు తెలుసుకోవాలంటే తల బాగా పైకెత్తి వెతకాలి.

ఇంట్లో చేయాల్సింది ఇంకోటుంది. గదిలో లైట్లన్నీ ఆర్పి, గ్లౌజులు తొడుక్కుని, షట్టర్ ఎనిమిది నుంచి రెండు సెకన్లకు, ఐఎస్ఓ 1600 నుంచి 3200కు స్క్రీన్ చూడకుండా మార్చండి. బ్యాటరీ మార్చండి. ట్రైపాడ్ ప్లేటు తీసి బిగించండి. వేళ్లకు అలవాటయ్యేదాకా రోజూ చేయండి. చలిని పరీక్షిద్దామని కెమెరాను మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకండి.

టైమ్‌లాప్స్ (వరుస ఫోటోలను కలిపి చేసే వీడియో) తీయాలంటే?

నాలుగు సెకన్ల ఎక్స్‌పోజర్, ఐదు సెకన్ల ఇంటర్వెల్. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన పది సెకన్ల వీడియోకు 240 ఫోటోలు, అంటే ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలు ట్రైపాడ్ ముట్టుకోకూడదు. రెండో కెమెరా ఉంటేనే దీని జోలికి వెళ్లమంటాం.

ఎడిటింగ్‌లో రంగులు ఎంతవరకు పెంచవచ్చు?

వైట్ బ్యాలెన్స్‌ను 3500 నుంచి 4200 కెల్విన్ల మధ్య సరిచేయండి. మంచు మరీ నీలంగానో, మరీ పసుపుగానో లేకుండా ఉండాలి. నాయిస్ తగ్గించండి, నీడలు కాస్త పైకి తేండి. శాచురేషన్ (రంగుల గాఢత) జోలికి వెళ్లకపోవడమే మంచిది. ఆకుపచ్చ రేడియంలా మెరుస్తోందంటే హద్దు దాటినట్టే. డీహేజ్ (మసకను తగ్గించే సెట్టింగ్) కొద్దిగా ఎక్కువైనా ఊదా రంగు లేని చోట పుట్టుకొస్తుంది, చూసేవాళ్లకు అది అబద్ధం చెప్పినట్టు.

తిరిగొచ్చాక కెమెరాకు ఏమైనా చేయాలా?

అక్కడి పొడి చలి నుంచి మన ఉక్కలోకి వస్తుంది కాబట్టి ఆ బ్యాగును అలాగే అలమరలో పెట్టేయకండి. సంచీ, పట్టీలు ఎండలో ఆరబెట్టండి. లెన్సులను డ్రై క్యాబినెట్‌లో 40 నుంచి 50 శాతం తేమ దగ్గర ఉంచండి. అది లేకపోతే గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో పాటు ఒక చిన్న తేమ మీటరు పెట్టండి. సిలికా జెల్ రంగు మారగానే వేడిచేసి మళ్లీ వాడవచ్చు. వర్షాకాలంలో వారానికోసారి లెన్స్‌లోంచి టార్చి వేసి చూడండి. లోపల సాలెగూడు లాంటి తెల్లటి పోగులు కనిపిస్తే అది ఫంగస్. ఆ లెన్స్‌ను మిగతావాటికి దూరంగా పెట్టి, వెంటనే సర్వీసుకు ఇవ్వండి.